తలగడ కింద ఐదు డాలర్లు

ప్రశ్న:

మాది విజయనగరం. మా వారు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి న్యూజెర్సీలో, అబ్బాయి టోక్యోలో ఉంటారు. ఈసారి సిరిమానోత్సవం చూసుకుని పిల్లల దగ్గరకు బయలుదేరుదామనుకుంటున్నాం. విశాఖ నుంచి సింగపూర్ వెళ్లి రెండు రాత్రులు ఉండి, జపాన్‌లో అబ్బాయి దగ్గర కొన్నాళ్లు గడిపి, అక్కడి నుంచి అమెరికా వెళ్లాలని ఆలోచన. పిల్లల ఇళ్లలో ఉండేది పోను, హోటళ్లలో పదిహేను రాత్రుల దాకా ఉండాల్సి వస్తుంది.

మూడేళ్ల కిందట అమెరికా వెళ్లినప్పుడు అల్లుడు మమ్మల్ని నయాగరా తీసుకెళ్లాడు. హోటల్ గది ఖాళీ చేస్తూ ఏదైనా మరిచిపోయామేమోనని నేను చివరిసారి వెతికితే, తలగడ కింద ఐదు డాలర్ల నోటు కనబడింది. అల్లుడు మరిచిపోయాడనుకుని పర్సులో వేసుకున్నాను. కారు ఓ గంట దూరం వెళ్లాక "ఇదిగో బాబూ, నీ డబ్బు" అని అందించాను. అమ్మాయి పడీపడీ నవ్వింది. అల్లుడు మాత్రం ఏమీ అనలేదు. గది శుభ్రం చేసే ఆవిడ కోసం పెట్టిన టిప్పట అది. ముఖం కూడా చూడని మనిషి డబ్బు తీసేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

మా వారి వాదన వేరు. "గదికి రెండు వందల డాలర్లు కట్టాం. జీతం ఇవ్వాల్సింది యజమాని. మళ్లీ మనమెందుకు?" అంటారు. అబ్బాయేమో జపాన్‌లో టిప్పు ఇవ్వబోతే తప్పు పడతారంటున్నాడు. ఒకచోట ఇవ్వకపోతే తప్పు, ఇంకోచోట ఇస్తే తప్పు. ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, ఎలా ఇవ్వాలి? మా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పండి.

– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం:

అమ్మా,

ముందు ఆ ఐదు డాలర్ల బరువు దించుకోండి. మీరు ఆ నోటు తీయకపోయినా అది ఆవిడకు చేరి ఉండేదని నేను ఖాయంగా చెప్పలేను. తప్పు మీ చేతిది కాదు, అల్లుడుగారు ఎంచుకున్న చోటుది.

ఈ మాట ఊహించి రాయడం లేదు. మాది సోంపేట దగ్గర పల్లె. మా ఉద్దానంలో గల్ఫ్‌కు మనిషి వెళ్లని వీధి దొరకదు. అందరిలాగే నేనూ వెళ్లి, దుబాయ్‌లో ఒక హోటల్లో పద్నాలుగేళ్లు పనిచేశాను. మొదటి ఆరేళ్లు గదులు సర్దాను. తరువాత గదులు సర్దేవారి మీద సూపర్‌వైజరునయ్యాను. కాబట్టి తలగడకు అటువైపు నుంచి చెబుతున్నాను.

ఒక గది ఖాళీ అయిందంటే మాకు దొరికేది అరగంట. తలుపు తీయగానే మొదటి పని మంచం. తలగడ గలీబులు, దుప్పట్లు ఒక్క లాగుడుకు లాగి, మూట కట్టి, బండికి వేలాడే గోనెలో పడేస్తాం. తలగడ కింద నోటు ఉంటే మూటతోపాటు అదీ లాండ్రీకి పోతుంది. సూట్‌కేసులా బరువైనది కాదు కదా, చేతికి తగిలితే తెలియడానికి. లాండ్రీలో తడిసి ముద్దయిన నోట్లు ఎన్ని చూశానో!

ఒకవేళ కనబడిందే అనుకుందాం. మరో చిక్కు. గదిలో దొరికినది చెవి దుద్దయినా, ఫోను చార్జరయినా, డబ్బయినా సూపర్‌వైజరుకు అప్పగించి పుస్తకంలో రాయించాలి. అది టిప్పో, మరిచిపోయిన డబ్బో నోటు మీద రాసి ఉండదు. ఆవిడ జేబులో వేసుకున్నాక, "నా డబ్బు గదిలో ఉండిపోయింది" అని మీరు ఫోను చేశారంటే ఆవిడ ఉద్యోగం పోతుంది. అందుకని భయస్తులు ముట్టుకోరు. మీరు ఆ నోటును చూసి ఏమనుకున్నారో, ఆవిడా సరిగ్గా అదే అనుకునే అవకాశం ఉందన్నమాట.

అందువల్ల ఎలా ఇవ్వాలన్నది ముందు చెబుతాను, ఎంత అన్నది తరువాత. బల్ల మీద, కంటికి ఎదురుగా పెట్టండి. కింద ఒక కాగితం ఉంచండి. హోటల్ గదుల్లో చిన్న కాగితాల పుస్తకం, పెన్ను ఉంటాయి. "హౌస్‌కీపింగ్, థాంక్యూ" అని ఇంగ్లీషులో రెండు ముక్కలు రాస్తే చాలు. ఆ కాగితం ఆవిడకు రసీదులాంటిది. ఎవరైనా అడిగితే చూపించుకోవచ్చు.

ఇక మాస్టారుగారి వాదన. జీతం ఇవ్వాల్సింది యజమాని అన్న మాటలో తర్కదోషం లేదు. అయితే లెక్క మొదలుపెట్టే ముందు దత్తాంశం చూసుకోవాలని ఆయనే పిల్లలకు చెప్పి ఉంటారు. ఇక్కడ దత్తాంశం దేశాన్ని బట్టి మారుతుంది. ఆ పనిచేసే మనిషికి జీతం ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే మీ రెండో చిక్కు, అంటే ఒకచోట ఇవ్వకపోతే తప్పు, ఇంకోచోట ఇస్తే తప్పు అన్నది, చాలావరకు విడిపోతుంది.

మన ఊళ్లలోనూ ఇది ఉన్నదే. టిఫిన్ హోటల్లో బిల్లు, సోంపు వేసిన చిన్న పళ్లెంలో వస్తుంది. చిల్లర అందులోనే వదిలేసి లేస్తాం. అది ఇష్టం. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి బిల్లు మీద ఇంకో ముప్ఫై అడుగుతాడు. అది ఇష్టం కాదు, అయినా మెట్లెక్కి తెచ్చాడని ఇస్తాం. ఆస్పత్రిలో బిడ్డ పుట్టగానే తలుపు దగ్గర చేయి చాపితే ఇచ్చేది మామూలు. లాడ్జి గది ఖాళీ చేసే రోజు పొద్దుటే, అంతవరకు కనబడని కుర్రాడు "మంచినీళ్లు కావాలా సార్" అని మూడుసార్లు తలుపు తడతాడు చూడండి, అది బక్షీసు కోసం. వేటికి మనసొప్పి ఇస్తామో, వేటికి పళ్లు కొరుకుతూ ఇస్తామో మనకు తెలుసు. పరాయి దేశంలో ఆ తెలివిడి ఉండదు. అంతే తేడా.

అమెరికా సంగతికి వద్దాం, మీరు ఎక్కువ రాత్రులు ఉండేది అక్కడే కాబట్టి.

అక్కడ టిప్పులు వచ్చే ఉద్యోగులకు, ముఖ్యంగా రెస్టారెంట్లలో వడ్డించేవారికి, యజమాని తన చేతి నుంచి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని కేంద్ర చట్టం. ఈ అంకె 1991 నుంచి కదలలేదు. మామూలు కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, అది 2009 నుంచి అలాగే ఉంది. 2.13కు టిప్పులు కలిపినా 7.25 రాకపోతే ఆ తేడా యజమాని పూరించాలి. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు ఈ రెండు రకాల జీతాల పద్ధతిని ఒప్పుకోవు; చాలా రాష్ట్రాల్లో కనీస వేతనం ఇంతకంటే ఎక్కువే. అయినా దేశం మొత్తానికి అలవాటు పడిపోయింది. మెనూలో ఉన్న ధర మనం కట్టాల్సిన ధర కాదు. అందులో వడ్డించిన మనిషి జీతం కొంతే ఉంది. మిగతాది బల్ల మీద వదలాలి. అందుకే అక్కడ భోజనానికి 15 నుంచి 20 శాతం అంటారు. మాస్టారూ, ఇది దానధర్మం పద్దు కాదు, ధరలో భాగం. పన్ను కలపక ముందున్న మొత్తం మీద లెక్కగడితే చాలు. ఆరుగురికి మించి వెళ్తే చాలాచోట్ల వాళ్లే 18 శాతం బిల్లులో వేసేస్తారు. చూసుకోకుండా రెండోసారి ఇవ్వకండి. కాఫీ కొట్టులో నిలబడి కొన్నప్పుడు డబ్బు కట్టే యంత్రం తెర మీ వైపు తిప్పి 18, 20, 25 అని చూపిస్తారు. అక్కడ వద్దు అన్న మీట నొక్కితే ఎవరూ ఏమీ అనుకోరు. వెనుక వరుస ఉందని కంగారు పడకండి.

యజమానే ఇవ్వాలి అన్న మాట మాస్టారుగారే మొదట అన్నారనుకోకండి. అమెరికాలోనే దీని మీద పెద్ద పోరు నడిచింది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంకొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఏవీ నిలవలేదు. దీని వెనుక ఒక చేదు కథ ఉంది. అంతర్యుద్ధం ముగిశాక పుల్‌మన్ అనే కంపెనీ రైళ్లలో పడక పెట్టెలు నడిపింది. చక్రాల మీద హోటల్ అనుకోండి. అందులో పక్కలు పరిచి, బూట్లు తుడిచి, సామాను మోసే పనికి నల్లజాతివారిని పెట్టుకుంది. వారిలో చాలామంది నిన్నమొన్నటి బానిసలు. జీతం నామమాత్రం, మిగతాది ప్రయాణికుల దయ. 1925లో వాళ్లు ఎ. ఫిలిప్ రాండోల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. కంపెనీతో ఒప్పందం కుదరడానికి 1937 దాకా పన్నెండేళ్లు పట్టింది. పద్ధతి మంచిదని నేను అనను. కానీ పద్ధతి మీద కోపం గది సర్దే ఆవిడ మీద తీర్చుకుంటే యజమానికి ఏ నష్టమూ లేదు.

గదులు సర్దేవారికి సాధారణంగా ఆ 2.13 వర్తించదు, మామూలు జీతమే ఉంటుంది. అయితే హోటల్లో అందరికంటే ఒళ్లు హూనమయ్యే పని వాళ్లది, అందరికంటే తక్కువ టిప్పు వచ్చేదీ వాళ్లకే. పెట్టె మోసిన కుర్రాడు ఎదురుగా నిలబడతాడు, మొహమాటానికైనా ఇస్తాం. ఈవిడ మనం బయటికి వెళ్లాక వచ్చి, మనం తిరిగి వచ్చేలోగా వెళ్లిపోతుంది. కనబడని మనిషికి ఇవ్వడం గుర్తుండదు.

అమెరికా హోటళ్ల సంఘం చెప్పే లెక్క ప్రకారం గదికి రాత్రికి 1 నుంచి 5 డాలర్లు. మీ ఇద్దరికీ ఒక గది అయితే 3 డాలర్లు మర్యాదగా ఉంటుంది. అమ్మాయి, అల్లుడు, మనవలతో కలిసి ఒకే గదిలో సర్దుకుంటే 5 పెట్టండి. తువాళ్లు, చెత్త, చిప్స్ పొట్లాలు ఆ లెక్కనే పెరుగుతాయి. ఏ రోజుది ఆ రోజు పెట్టండి. నాలుగు రోజులదీ కలిపి చివరి రోజు పెడితే, మూడు రోజులు సర్దిన మనిషికి ఆ రోజు సెలవు కావచ్చు, మొత్తం ఆ రోజు వచ్చిన వేరే మనిషికి పోవచ్చు. ఈమధ్య చాలా హోటళ్లలో అడిగితే తప్ప రోజూ గది సర్దడం లేదు. సర్దని రోజున పెట్టనక్కర్లేదు.

పెట్టెలు గదికి తెచ్చిపెట్టిన వారికి పెట్టెకు 1 లేక 2 డాలర్లు. అయితే మన పెట్టెల సంగతి మనకు తెలుసు. 23 కిలోలకు అర కిలో తక్కువ ఉంటే ఇంకో ఆవకాయ సీసా సర్దే జాతి మనది. కాస్త ఎక్కువ ఇవ్వండి. విమానాశ్రయం నుంచి హోటల్ వారి ఉచిత బస్సులో వెళ్తే, సామాను ఎక్కించి దించిన డ్రైవరుకూ పెట్టెకు 1 లేక 2. అల్లుడుగారి కారును, కార్లు నిలిపి తెచ్చి ఇచ్చే హోటల్ మనిషి (వాలే అంటారు) తెచ్చి ఇస్తే, తెచ్చినప్పుడు 2 నుంచి 5. గదికి భోజనం తెప్పించుకుంటే బిల్లు చూడండి. టిప్పు అందులో కలిపేసి ఉంటే మళ్లీ వద్దు. కొన్ని హోటళ్లు బిల్లులో 'రిసార్ట్ ఫీజు' అని రోజుకు ఇంత వేస్తాయి. అది హోటల్ జేబులోకి పోయేది, టిప్పు కాదు.

కౌంటరు దగ్గర తాళం ఇచ్చేవారికి, మేనేజరుకు, యజమానికి ఇవ్వరు. రోడ్డు పక్క మోటెళ్లలో చాలావాటికి గుజరాతీలే యజమానులు. కౌంటరులో మన మొహం కనబడిందన్న సంతోషంలో పెద్దాయన చేతిలో రెండు డాలర్లు పెట్టేరు, బాగుండదు. నాలుగు మాటలు మాట్లాడండి, టీ ఇచ్చినా ఇస్తారు. ఎవరిదైనా ఇల్లు రోజుల లెక్కన అద్దెకు తీసుకుంటే శుభ్రం చేసే రుసుము ముందే కట్టించుకుంటారు కనుక ఏమీ అక్కర్లేదు.

ఒక మాట మీరు అడగలేదు గానీ చెబుతాను. మన ఊళ్ల నుంచి వెళ్లే పెద్దవాళ్లకు పిల్లలు టికెట్టుతోపాటు వీల్‌చైరు కూడా రాయిస్తారు, విమానం మారేటప్పుడు దారి తప్పరని. ఆ సేవకు డబ్బు కట్టనక్కర్లేదు. కానీ అమెరికాలో అంత దూరం తోసుకెళ్లి, ఇమిగ్రేషన్ దాటించి, సామాను దింపించి, అల్లుడికి అప్పగించే మనిషికి 5 డాలర్లయినా ఇవ్వడం అలవాటు. పెట్టెలు ఎక్కువైతే ఇంకాస్త. ఇద్దరినీ ఇద్దరు తోస్తే ఇద్దరికీ వేరువేరుగా. ఆ నోట్లు చీర కొంగున ముడి వేసుకున్నట్టు దగ్గర ఉంచుకోండి. అప్పుడు బ్యాగు అడుగున వెతుక్కుంటూ వందల కట్ట బయటికి తీయడం బాగుండదు.

వందల కట్ట అన్నాను కదా, అసలు చిక్కు అక్కడే. ఇక్కడ డాలర్లు మార్చేవాళ్లు ఎక్కువగా వంద నోట్లే చేతిలో పెడతారు. ఒకటి, ఐదు నోట్లు కావాలని ముందే చెప్పి ఉంచండి. దొరకకపోతే అమ్మాయిని విమానాశ్రయానికి వచ్చేటప్పుడు ఒక డాలరు నోట్లు ఇరవై, ఐదు డాలర్ల నోట్లు నాలుగైదు తెమ్మనండి. ఇంకో సంగతి. డాలరు నోట్లన్నీ ఒకే సైజు, రంగులో కూడా పెద్ద తేడా ఉండదు. మన వంద, ఐదు వందలు చీకట్లో తడిమినా తెలిసినట్టు తెలియవు. దీపం కింద అంకె చూసి ఇవ్వండి. ఒకటి అనుకుని ఇరవై ఇచ్చిన వాళ్లు నాకు తెలుసు. తిరిగి అడగలేక రెండు రోజులు అన్నం సహించలేదు వాళ్లకు. రూపాయి నోట్లు మాత్రం ఎక్కడా పెట్టకండి. మన గెస్టులు వంద రూపాయల నోటు పెడితే నాకు పనికొచ్చేది, సెలవుకు వచ్చినప్పుడు ఖర్చు పెట్టుకునేవాణ్ని. నా పక్క అంతస్తులో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయికి అది బొమ్మ కాగితం. జేబులో మిగిలిపోయిన పది దేశాల చిల్లర నాణేలు గదిలో పోసి వెళ్లడం కూడా అంతే.

మూడు డాలర్లను ప్రతిసారీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటే మనసొప్పదు, నిజమే. దానికి మాస్టారుగారు ఒక పని చేయవచ్చు. అమెరికాలో హోటల్ రాత్రులు ఎనిమిది అయితే, రాత్రికి మూడు చొప్పున 24 డాలర్లు. గదుల అద్దె పక్కన ఆ అంకె కూడా ఇప్పుడే రాసేసుకోండి. ఇంటి దగ్గర ఒకసారి బాధపడితే అక్కడ ఎనిమిదిసార్లు బాధపడక్కర్లేదు.

సింగపూర్‌కు రెండు మాటలు చాలు. అక్కడ బిల్లులోనే 10 శాతం సేవా రుసుము వేసి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ వేస్తారు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనబడితే అవే ఇవి. 200 సింగపూర్ డాలర్ల గది అంటే 20 కలిసి 220, దాని మీద 9 శాతంతో 239 డాలర్ల 80 సెంట్లు. 19 శాతం అనుకుని 238 లెక్కగట్టకండని మాస్టారుగారికి చెప్పనక్కర్లేదనుకోండి. టిప్పు ఎవరూ ఆశించరు. పెట్టెలు మోసిన వారికి రెండు డాలర్ల నోటు ఇస్తే తీసుకుంటారు, ఇవ్వకపోతే మొహం మాడ్చుకోరు. మాస్టారుగారికి నచ్చే దేశాలు ఇలాంటివే. ఫ్రాన్స్ కూడా అంతే, ధరలోనే సేవ కలిసి ఉండాలని అక్కడ నియమం. మరోసారి అటు వెళ్లండి.

జపాన్ విషయంలో అబ్బాయి చెప్పింది నిజం. అయితే పూర్తి నిజం కాదు.

మామూలు హోటళ్లలో, టాక్సీల్లో, భోజనశాలల్లో ఇవ్వకూడదు. పని సరిగా చేయడం తన బాధ్యత, దానికి ధర ముందే చెప్పేశాం అన్నది వాళ్ల లెక్క. పైన ఇంకేదో ఇస్తే, నీ పనికి ఇది సరిపోదు అన్నట్టో, జాలిపడ్డట్టో ఉంటుంది. బల్ల మీద వంద యెన్‌లు వదిలితే మరిచిపోయారనుకుని వీధి మలుపు దాకా పరుగెత్తుకొచ్చి చేతిలో పెడతారు. గదిలో వదిలితే కౌంటరుకు చేరి, మీ పేరు రాసి దాచిపెడతారు. మూడేళ్ల కిందట మీరు అల్లుడికి చేసిన మర్యాదే అది! ఆ దేశంలో ఉండి ఉంటే మీరు చేసింది అచ్చమైన పద్ధతి.

అబ్బాయి చెప్పనిది ఒకటుంది. వాళ్ల పాతకాలపు సత్రాలను రియోకాన్ అంటారు. చాపలు పరిచిన గది, నేల మీద పరుపు, గదికే తెచ్చి వడ్డించే భోజనం. మీరు దిగిన దగ్గర నుంచి వెళ్లేదాకా మిమ్మల్ని చూసుకునే ఆవిడ ఒకరుంటారు. అలాంటి చోట కొకొరొజుకే అని ఒక ఆచారం ఉంది. మనసులోని భావాన్ని అంటించి ఇవ్వడం అన్నట్టు అర్థం. తప్పనిసరి కాదు, ఇప్పుడు ఇచ్చేవాళ్లూ తగ్గారు. ఇవ్వాలనిపిస్తే మాత్రం పద్ధతి ఉంది. వెళ్లేటప్పుడు కాదు, వచ్చిన రోజు ఆవిడ గది చూపించి టీ పోసినప్పుడు ఇస్తారు. వెయ్యి నుంచి మూడు వేల యెన్‌ల దాకా, నలగని నోట్లు, చిన్న కవరులో పెట్టి, రెండు చేతులతో అందించాలి. కవరు లేకుండా నోటు చూపిస్తే మోటుగా ఉంటుంది. ఆవిడ ఒకసారి వద్దంటుంది. మీరు ఇంకోసారి నెమ్మదిగా అందించండి. అప్పుడూ వద్దంటే ఊరుకోండి.

ఇదంతా మీకు కొత్తగా అనిపించకూడదు. పెళ్లికి వెళ్తే మనం నూట పదహార్లు కవరులో పెట్టి, పేరు రాసి ఇస్తాం. పంతులుగారికి తాంబూలంలో పెట్టి ఇస్తాం, జేబులోంచి తీసి చేతిలో పడేయం. ఆవిడకు ఇచ్చేదీ ఆ వరసలోనిదే. అమెరికాలో పెట్టె మోసిన కుర్రాడికి ఇచ్చే రెండు డాలర్ల వరస వేరు. ఆ రెండింటినీ టిప్పు అన్న ఒకే మాటతో పిలవడం వల్ల మీ అబ్బాయి మాట, అల్లుడి పద్ధతి ఒకదానికొకటి ఎదురుగా కనబడుతున్నాయని నా అనుమానం.

డబ్బు ఇవ్వడానికి చేయి రాకపోతే పలాస జీడిపప్పు తీసుకెళ్లండి. వేయించి, చిన్న చిన్న పొట్లాలుగా సీలు వేసినది. పదిమంది పంచుకునేలా విడివిడిగా కట్టినది జపాన్‌లో బాగా నచ్చుతుంది. రియోకాన్‌లో యుకతా అనే నూలు అంగీ ఇస్తారు. అది కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా చుట్టేది చనిపోయినవాళ్లకు. మాస్టారుగారు అలా కట్టుకుని భోజనాల హాలుకు వస్తే ఎవరూ పైకి ఏమీ అనరు గానీ, అందరూ కంచంలోకే చూస్తూ తింటారు.

డబ్బుతో పని లేని మర్యాదలు కూడా రెండు మూడు ఉన్నాయి. నన్నడిగితే వీటికి టిప్పు కంటే ఎక్కువ విలువ. అమెరికాలో స్నానాలగది నేలకు మన ఇళ్లలోలా నీళ్లు పోయే తూము ఉండదు. తొట్టె బయట చెంబుతో పోసుకుంటే నీళ్లు కింది అంతస్తు గదిలోకి కారతాయి. తెర అంచును తొట్టె లోపలికి వేసి స్నానం చేయండి. గదిలో అగరుబత్తి, కర్పూరం వద్దు. పైకప్పు మీది పొగ గంట మోగితే హోటల్ మొత్తం రాత్రిపూట రోడ్డు మీద నిలబడాలి. పొగ తాగారనుకుని మీకు వందల డాలర్ల జరిమానా కూడా వేయవచ్చు. దీపం పెట్టుకోవాలంటే బ్యాటరీతో వెలిగే చిన్న ప్రమిద తీసుకెళ్లండి. పసుపు, కుంకుమ, తలనూనె తెల్ల తలగడకు అంటుకుంటే వదలవు. పాత తువాలు ఒకటి పరుచుకోండి. ఆవకాయ తినండి గానీ తిన్న కాగితం కంచాన్ని సంచిలో వేసి ముడి వేయండి. గది ఖాళీ చేసే ముందు వాడిన తువాళ్లు ఒకచోట, చెత్త ఒకచోట ఉంచితే ఆవిడకు ఐదు నిమిషాలు మిగులుతాయి. నాకైతే ఆ ఐదు నిమిషాల్లో ఒక టీ దక్కేది.

కాగితం మీద ఏం రాయాలో ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాను కదా. ఇంకో ముచ్చట చెప్పి ముగిస్తాను. ఓ సాయంత్రం ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి పది దిర్హాముల నోటు, దానితో ఒక కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చింది. 1207 నంబరు గదిలో టీవీ రిమోటు కింద ఉన్నాయట. కాగితం మీద రాసినది చదవలేక, ఈ డబ్బు తనదో కాదో తెలియక, పుస్తకంలో రాయించడానికి తెచ్చింది. చూస్తే తెలుగు. వణికే పెద్ద అక్షరాలు. "అమ్మా, నా మోకాళ్ల నొప్పి చూసి రెండో తలగడ నువ్వే తెచ్చి పెట్టావు. కాఫీ తాగు." చదివి ఇంగ్లీషులో చెప్పాను. పుస్తకంలో రాయలేదు. నోటు ఆ వారమే ఖర్చయిపోయి ఉంటుంది. కాగితం మాత్రం నేను ఆ ఉద్యోగం మానేసి వచ్చేసేనాటికి కూడా ఆమె బట్టల బీరువా తలుపు లోపల అంటించి ఉంది.

అందుకని ఇంగ్లీషు ముక్కలు రెండూ రాశాక, కింద తెలుగులో మీకు తోచినది రాయండి. చదివి చెప్పేవాడు మా ఉద్దానం కుర్రాడు ఒకడు ఆ చుట్టుపక్కల ఉండే ఉంటాడు.